గూడ్సు బండి దాటేలోగా

మా తోడికోడలికి తల్లిదండ్రులు పెట్టిన పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందరూ ఆమెను బ్రేకక్క అంటారు. ఆడవాళ్ళకు కారు నేర్పడం ఆమె పని. ఆమె కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటే, పక్క సీట్లో అక్క కాళ్ళ కింద ఇంకో జత ఉంటుంది. ఎదురుగా సైకిలు కనిపిస్తే చాలు, నేర్చుకునే మనిషికి భయం పుట్టకముందే అక్క కాలు పని చేసేస్తుంది. ఇన్నేళ్ళలో ఆ కారు ఒక కోడిపిల్లను కూడా తాకలేదని ఆమెకు మహా గర్వం. ఆమె శిష్యురాళ్ళు మాత్రం లైసెన్సు చేతికొచ్చాక సొంత కారును తీసుకెళ్ళి సొంత గేటుకే గుద్దుతారు. నేనూ గుద్దాను.

"అన్నీ నువ్వే తొక్కేస్తే మాకెప్పుడొస్తుందక్కా?" అని ఒకసారి దెప్పాను.

"ముందు ప్రాణం ఉండనీ. తర్వాత అదే వస్తుంది," అంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. మా బావగారు ప్రయత్నించడం కూడా మానేశారు.

నోట్లో నువ్వుగింజ నానని మనిషి. గేరు మార్పిస్తూనే ఆ ఇంటి సంగతి ఈ ఇంటికి, ఈ ఇంటి సంగతి ఇంకో ఇంటికి చేరేస్తుంది. అయితే మనసు మాత్రం వెన్న. మొగుడు పోయి మూల కూర్చున్న ఆవిడను బలవంతాన స్టీరింగు ముందు కూర్చోబెట్టి, ఇప్పుడు ఆవిడ చేత బడిపిల్లల వ్యాను నడిపిస్తోంది. ఎవరికైనా కష్టమని తెలిస్తే అక్కకు అన్నం దిగదు. ఈ సంగతి నేను ముందే చెబుతున్నాను, ఎందుకంటే జరిగినదంతా విన్నాక మీకు ఆమె మీద కోపం వస్తుంది. నాకూ వచ్చింది.

ఆ పిల్ల పద్దెనిమిది నిండీ నిండగానే వచ్చి చేరింది. కాలేజీలో మొదటి ఏడు. తండ్రిది నీటి మోటార్లు బాగుచేసే దుకాణం. పిల్ల సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. మొదటి రోజు నుంచే అక్కకు ఆమె తెగ నచ్చేసింది. కారణం అద్దం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు వెనక అద్దం చూడరు. కళ్ళు బానెట్టుకు అతుక్కుపోతాయి. ప్రతివాళ్ళకూ "అద్దం, అద్దం" అని అరిచి అరిచి అక్క గొంతు బొంగురుపోయింది. ఈ పిల్ల చెప్పకుండానే చూస్తుంది. మలుపులో చూస్తుంది, తిన్నటి రోడ్డు మీద చూస్తుంది, బండి ఆగి ఉన్నప్పుడు కూడా చూస్తుంది. అక్క ఆమెకు అద్దం పిల్ల అని పేరు పెట్టి, మిగతావాళ్ళకు పాఠం చెప్పేది.

"ఆ పిల్లను చూసి బుద్ధి తెచ్చుకోండి. వెనకేం వస్తోందో ఒక్క క్షణం కూడా మరచిపోదు."

వెనక వచ్చేది ఒక మోటారు సైకిలు. రోజూ అదే. దగ్గరికీ రాదు, దూరమూ పోదు.

అక్క దాన్ని ఆలస్యంగా గమనించింది. అడిగితే ఆ పిల్ల "మా అన్నయ్య వరస ఆంటీ, నాకు తోడుగా వస్తున్నాడు," అంది. పాఠం ముగిసి బండి దిగేసరికి ఆ కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చేవాడు. చక్కటి బట్టలు, దువ్విన తల. "ఆంటీ, ఎండలో అలిసిపోయారు," అని నీళ్ళ సీసా అందించేవాడు. జేబురుమాలు తీసి కారు అద్దాలు తుడిచేవాడు. అక్క మురిసిపోయింది. "ఈ కాలంలో ఇలాంటి పిల్లలు ఎక్కడున్నారే! బంగారం!" అని మా వంటింట్లో కూర్చుని పొగిడింది.

"చెల్లెలి వెనక రోజూ బండేసుకుని తిరిగే అన్నకు వేరే పనేం లేదా అక్కా?" అన్నాను.

"నీకు అన్నీ వంకర చూపులే," అని తీసిపారేసింది.

ఇంకొన్ని సంగతులు ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళ ఫోన్లు ఆఫీసులో బిస్కెట్ల డబ్బాలో పెట్టి రావాలని అక్క నియమం. ఈ పిల్ల తన ఫోను పెట్టనంది. వాళ్ళమ్మకు ఒంట్లో బాగోలేదట, ఏ క్షణాన ఫోన్ చేస్తుందో తెలియదట. సరేనంది అక్క. ఆ ఫోను ఎప్పుడూ ఆమె ఒడిలో వెల్లకిలా పడి ఉండేది. వాళ్ళమ్మ ఒక్కసారీ చేయలేదు. ఆ తెర మీద వెలుగు మాత్రం పాఠం అయ్యేదాకా ఆరేది కాదు. ఇంకోసారి గేరు పడటం లేదని, అందరికీ చేసినట్టే అక్క తన చేతిని ఆ పిల్ల చేతి మీద వేసింది. నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది పిల్ల. క్లచ్చి వదిలేయడంతో బండి ఎగిరి ఆగిపోయింది. బొటనవేలు వాచి నల్లగా ఉంది.

"ఏమైందే?"

"తలుపు సందులో పడింది ఆంటీ."

తలుపుల మీద పడినన్ని నిందలు ఈ లోకంలో ఇంక దేని మీదా పడి ఉండవు. అక్క ఆ మాట నమ్మి, తలుపు ఎలా వేయాలో కూడా చెప్పింది.

ఈ రోజుల్లోనే ఒక పొద్దున అక్క తన అలవాటు ప్రకారం ఒక కథ మొదలుపెట్టింది. పక్క వీధిలో ఎవరో పిల్ల, ఎవరితోనో తిరిగిందట, వాడు నలుగురిలో చెంప మీద కొట్టాడట. "ప్రేమా దోమా అని తిరిగితే ఇంతే మరి," అంది అక్క. "మన జాగ్రత్తలో మనం ఉండాలి. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా, చిరిగేది ఆకే. మూడో గేరు వెయ్యి."

పిల్ల మూడో గేరు వేసింది. ఒడిలో ఫోను వెలుగుతూనే ఉంది.

ఆ సామెత మనమంతా వాడేదే. మా అమ్మ నాతో అంది, నేను నా కూతురితో అన్నాను. ముల్లును ఏం చేయాలో అందులో ఒక్క ముక్క కూడా లేదని నాకు ఇన్నాళ్ళూ తోచనే లేదు.

తర్వాత ఒకరోజు వాళ్ళు రైలు పట్టాల అవతలి రోడ్డుకు వెళ్ళారు. అక్కడ జనం తక్కువ, వెనక్కి నడపడం నేర్పడానికి బాగుంటుంది. కారు పట్టాలు దాటిందో లేదో వెనక గేటు పడింది. గూడ్సు బండి వస్తోంది. పిల్ల అద్దంలోకి చూసింది. మోటారు సైకిలు గేటుకు అవతలే ఉండిపోయింది. ఆమె ఒడిలోని ఫోను తీసి ఏదో నొక్కింది, వెలుగు ఆరిపోయింది. కారును తనంతట తానే పక్కకు తీసి ఆపింది.

"సిగ్నల్ పోయిందని చెప్తాను," అంది తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత అక్క వైపు తిరిగింది. "ఆంటీ, రైలు వెళ్ళేదాకా మనం ఇక్కడే ఆగుదామా? ఆ ఫోనులో మన మాటలన్నీ అతను వింటాడు. రోజూ వింటాడు. అతను మా అన్నయ్య కాదు."

అక్క కాలు తన వైపు బ్రేకు మీద పడింది. కారు అప్పటికే ఆగి ఉంది.

పిల్ల గబగబా చెప్పుకుపోయింది. పరీక్ష హాల్లో టైము అయిపోతుంటే రాసేవాళ్ళలా చెప్పిందని అక్క తర్వాత నాతో అంది. అతను సీనియరు. మొదట్లో చాలా ప్రేమగా ఉండేవాడు. తర్వాత ఎవరితో మాట్లాడావు, ఎందుకు నవ్వావు అని మొదలైంది. మొదటిసారి వేలు విరిచి పట్టుకున్నాడు. ఇప్పుడు బయటికి కనిపించని చోటే కొడతాడు. తర్వాత ఏడుస్తాడు, కాళ్ళు పట్టుకుంటాడు, వదిలేస్తే చచ్చిపోతానంటాడు.

"కొట్టనప్పుడు చాలా మంచిగా ఉంటాడు ఆంటీ. అదే నాకర్థం కావట్లేదు."

"మీ అమ్మకు చెప్పలేదా తల్లీ?"

"అమ్మకు చెప్తే నాన్నకు చెప్తుంది. నాన్న ముందు నా ఫోను లాక్కుంటారు. తర్వాత కాలేజీ మాన్పిస్తారు. ఆ తర్వాత మిగతావన్నీ. మా పెదనాన్న కూతురికి అలాగే అయింది. తప్పు ఎవడిదైనా తాళం మాత్రం మాకే వేస్తారు ఆంటీ."

"ఇన్నాళ్ళూ నాకైనా చెప్పొచ్చుగా! రోజూ పక్కనే కూర్చుంటాను కదే!"

పెట్టెలు ఒకదాని వెనక ఒకటి దడదడమని పోతున్నాయి.

"మీరు ఆరోజు ఆకూ ముల్లూ అన్నారు కదా ఆంటీ," అంది. దెప్పుతున్నట్టు లేదు. కారణం అడిగారు కాబట్టి చెప్పింది, అంతే.

తేలు కుట్టిన దొంగ అంటాం. దొంగ కాబట్టి అరవలేడు. ఈ పిల్ల ఏ దొంగతనమూ చేయలేదు. ఒకణ్ణి ఇష్టపడింది. ఇష్టపడటమే దొంగతనమైన ఇంట్లో పిల్లను తేలు కుట్టినా నోరు నొక్కుకోవాల్సిందే.

ఆమె అడిగింది చాలా చిన్నది. పరీక్షలు అయ్యాక దూరాన ఉన్న పిన్ని దగ్గరికి వెళ్ళి అక్కడి కాలేజీలో చేరుతుంది. పిన్నితో మాట్లాడింది, పిన్ని రమ్మంది. అప్పటిదాకా అతనికి అనుమానం రాకూడదు, ఇంట్లో తెలియకూడదు. అప్పటిదాకా ఈ పాఠం ఆగకూడదు.

"మీ పక్కన కూర్చునే ఈ గంట నాకు కావాలి ఆంటీ. అతను వింటాడు కానీ ముట్టుకోలేడు. నేను సలహా అడగట్లేదు. ఎవరికీ చెప్పొద్దంతే. ఒట్టేయండి."

అక్క ఆమె చేతిలో చెయ్యి వేసింది. చివరి పెట్టె వెళ్ళిపోయింది. గేటు లేస్తుంటే పిల్ల కళ్ళు తుడుచుకుని, ఫోను మళ్ళీ నొక్కి, "హలో, సిగ్నల్ పోయింది, సారీ," అంది. ఆ గొంతులో నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో అక్కకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం అక్క మా వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడింది. మొత్తం చెప్పింది.

"ఇప్పుడే వెళ్ళి వాళ్ళ నాన్నకు చెప్పేస్తాను."

"ఒట్టేశావు కదక్కా. ఆ పిల్లకు ఏం కావాలో ఆ పిల్లే చెప్పింది. రేపు ఇంకోసారి అడుగు. ఆ పిన్నితో మాట్లాడదాం, తెలిసిన లాయరమ్మను కనుక్కుందాం."

"రేపటిలోగా వాడు దాన్ని ఏమైనా చేస్తే?"

ఆ భయం నాకూ ఉంది. కానీ అక్కకు ఆగడం చేతకాదు. నేను స్టవ్ ఆపి బయటికి వచ్చేసరికి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మోటార్ల దుకాణంలో ఆ తండ్రి రాగితీగ చుడుతున్నాడట. గుడ్డతో చేతులు తుడుచుకుని, స్టూలు తుడిచి వేశాడు. అక్క చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. చివరికి కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, "మీ రుణం తీర్చుకోలేను అక్కయ్యగారూ, నా బిడ్డను కాపాడారు," అని దణ్ణం పెట్టాడు. అక్క తేలికైన గుండెతో ఇంటికొచ్చి, ఆ పూట కడుపునిండా తింది. "చూశావా, తండ్రి అంటే అలా ఉండాలి," అంది నాతో.

మర్నాడు పిల్ల పాఠానికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మోటారు సైకిలూ కనిపించలేదు. ఫోను చేస్తే వాడుకలో లేదని వచ్చింది. పరీక్షలు మొదలయ్యాయి, కాలేజీ పిల్లలు గుంపులుగా రోడ్డు మీద పోతున్నారు. ఆ గుంపుల్లో ఈ పిల్ల లేదు. అక్క వాళ్ళమ్మకు ఫోను చేసింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందండీ. మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం," అని ఆవిడ పెట్టేసింది.

మిగతాది కుర్రాడి నోటి నుంచే తెలిసింది. ఒక మధ్యాహ్నం అతను డ్రైవింగు స్కూలుకు వచ్చాడు, చేతిలో శుభలేఖలు. అదే దువ్విన తల, అదే నవ్వు. ఆ పిల్ల నాన్నా మేనమామా కలిసి అతని ఇంటికి వెళ్ళారట. అతను ఏడ్చాడట, ఆ పిల్ల తండ్రి కాళ్ళ మీద పడ్డాడట. ప్రాణం కన్నా ఎక్కువగా ప్రేమించాను, కోపంలో ఒకటి రెండుసార్లు చెయ్యి జారింది, పెళ్ళి చేయండి, పువ్వుల్లో పెట్టి చూసుకుంటాను అన్నాడట. మేనమామ మెత్తబడ్డాడు. ఊరందరికీ తెలిశాక ఈ పిల్లను ఇంకెవరు చేసుకుంటారు, వాడే చేసుకుంటానంటున్నాడు, కుర్రతనం, పెళ్ళయితే అదే సర్దుకుంటుంది అని తేల్చాడు. తండ్రికి గుండె మీంచి బండ దిగినట్టయింది.

"అంతా మీ వల్లే ఆంటీ," అన్నాడు కుర్రాడు, కార్డు రెండు చేతులతో ఇస్తూ. "మీరు చెప్పకపోతే మా ఇళ్ళలో ఇంత తొందరగా ఒప్పుకునేవాళ్ళు కాదు."

పెనం మీంచి తీసి పొయ్యిలో పడేశానే అని అక్క నా భుజం పట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఈసారి ఒంటరిగా పోనివ్వలేదు, నేనూ వెళ్ళాను.

కింద దుకాణం, పైన ఇల్లు. మెట్ల నిండా మోటారు తీగలకు పూసే వార్నిషు వాసన. హాల్లో కాబోయే అల్లుడు సోఫా మధ్యలో కూర్చుని ఉన్నాడు. తండ్రి సంతోషంగా ఎదురొచ్చి, "రండి అక్కయ్యగారూ, మిమ్మల్ని పిలవడానికే వద్దామనుకుంటున్నాం," అన్నాడు. పిల్ల మంచినీళ్ళ గ్లాసులు తెచ్చింది. చిక్కిపోయింది. ఎవరి వైపూ చూడలేదు.

నేను చెయ్యి పట్టి ఆపేలోగానే అక్క లేచి నిలబడింది. "ఈ పెళ్ళి వద్దండీ. వాడు మారడు. చెప్పమ్మా, ఆరోజు గేటు దగ్గర నాతో చెప్పినవన్నీ మీ నాన్నకు చెప్పు. భయపడకు, నేనున్నాను."

కుర్రాడు కోపగించుకోలేదు. తల పక్కకు వాల్చి, ఏం చెబుతుందో వినాలని ఉన్నట్టు పిల్ల వైపు చూశాడు.

"అవి అబద్ధాలు నాన్నా," అంది పిల్ల. "అప్పుడు మా ఇద్దరికీ గొడవైంది. కోపంలో ఎక్కువ చేసి చెప్పాను. ఆంటీ తప్పేం లేదు."

తండ్రి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మనిషి ముఖంలో అంత నెమ్మది చూసి నాకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలు అనాలని నోటిదాకా వచ్చింది. ఆ మాటల బాకీ మేం మెట్లు దిగాక ఆ పిల్ల మీద తీరుతుందని మింగేశాను.

మమ్మల్ని సాగనంపడానికి పిల్ల మెట్ల మలుపు దాకా వచ్చింది. అక్క ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "తిట్టవే తల్లీ. నన్ను నోరారా తిట్టు. మాటిచ్చి తప్పాను. ఇప్పుడేం చేయమంటావో చెప్పు, అదే చేస్తాను. కావాలంటే ఇప్పుడే మీ పిన్ని దగ్గరికి తీసుకెళ్తాను."

"నాన్న పిన్నితో మాటలు మానేశారు ఆంటీ," అంది పిల్ల. చేతులు మెల్లగా విడిపించుకుంది. "మీ మీద నాకు కోపం లేదు. మీరు మంచివాళ్ళు. మా నాన్న కూడా మంచివాడే. మామయ్యా మంచివాడే. అందుకే ఇంకెవ్వరికీ చెప్పను."

పైనుంచి ఆ కుర్రాడు ఆమెను పిలిచాడు. గొంతు పెంచలేదు, ఒక్కసారే పిలిచాడు. పిల్ల "వస్తున్నా" అని నవ్వుతూ జవాబిచ్చి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.